పొగగొట్టం దగ్గరే ఆగిపోతున్న లెక్క

విమానాల కాలుష్యానికి అతిశీతల ఇంధనాలే విరుగుడు అన్న వాదం కొంతకాలంగా గట్టిగా వినిపిస్తోంది. కిరోసిన్‌కు బదులు మైనస్ 162 డిగ్రీల సెల్సియస్ వద్ద ద్రవమయ్యే సహజవాయువునో, మైనస్ 253 డిగ్రీల వద్ద ద్రవమయ్యే హైడ్రోజన్‌నో వాడాలంటారు. ఆలోచన కొత్తదేమీ కాదు. సోవియట్ యూనియన్ తన టుపొలేవ్-155 విమానాన్ని 1988 ఏప్రిల్ 15న ద్రవ హైడ్రోజన్‌తో, 1989 జనవరిలో ద్రవ సహజవాయువుతో ఎగరేసింది. అయితే దాని మూడు ఇంజన్లలో ఒక్కటే ఈ ఇంధనంతో నడిచింది. ట్యాంకు క్యాబిన్ వెనుక భాగాన్ని ఆక్రమించింది. అంతే శక్తికి ద్రవ హైడ్రోజన్ కిరోసిన్ కన్నా నాలుగు రెట్ల చోటు అడుగుతుంది మరి!

చోటు సంగతి ఇంజనీర్లు చూసుకుంటారు. నా అభ్యంతరమల్లా 'కాలుష్యరహితం' అన్న బిరుదు మీదనే. ఈ రెండు ఇంధనాల కథా ఒకేచోట తెలియాలంటే సూరత్ పక్కనున్న హజీరాను చూడాలి.

హజీరా రేవుకు 2005 నుంచి ద్రవ సహజవాయువు ఓడల్లో వస్తోంది. అంతే శక్తికి అది కిరోసిన్ కన్నా పాతిక శాతం తక్కువ కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. నిజమే. కానీ అందులో ముఖ్యభాగమైన మీథేన్, నూరేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. బావి నుంచి ఇంజను దాకా నూటికి మూడు వంతులు లీకయితే చాలు, ఆ లాభం దాదాపు హరించుకుపోతుంది.

ఇక హైడ్రోజన్. సహజవాయువు నుంచి కిలో హైడ్రోజన్ తీస్తే తొమ్మిది, పది కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అదే శక్తినిచ్చే 2.8 కిలోల కిరోసిన్‌ను మండిస్తే వచ్చేది తొమ్మిది కిలోల లోపే! హైడ్రోజన్‌ను ద్రవంగా మార్చడానికయ్యే విద్యుత్తు దీనికి అదనం.

నీటిని విద్యుత్తుతో విడగొట్టడం మంచి మార్గం. ఆ విద్యుత్తు సూర్యుడి నుంచో గాలి నుంచో రావాలి. లార్సెన్ అండ్ టూబ్రో 2022 ఆగస్టులో హజీరాలో, తన కర్మాగారం అవసరాల కోసం, రోజుకు 45 కిలోలిచ్చే ఇలాంటి ప్లాంటు ప్రారంభించింది. ఆ 45 కిలోల శక్తి సుమారు 125 కిలోల కిరోసిన్‌కు సమానం. 180 సీట్ల జెట్ విమానం గంటకు దాదాపు 2,400 కిలోల కిరోసిన్ తాగుతుంది. అంటే ఒక రోజు ఉత్పత్తి మూడు నిమిషాల ప్రయాణానికి సరి!

2035 నాటికి హైడ్రోజన్ విమానం తెస్తామని ఎయిర్‌బస్ సంస్థ 2020లో ప్రకటించింది. 2025లో ఆ గడువును వెనక్కి జరిపింది. హైడ్రోజన్ ఉత్పత్తి, సరఫరా ఏర్పాట్లు అనుకున్నంత వేగంగా సాగకపోవడం అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి.