దక్షిణపు కిటికీలో పొట్టి టమాట

హుజూరాబాద్‌లో డాబా మీద టమాట పెట్టి, పండిన కాయను ఇంటివాళ్లే తిన్నారంటే గొప్పే. కోతులు పిందెనూ వదలవు. తిననిదాన్ని కొరికి పారేస్తాయి, పోతూపోతూ మొక్కనూ పీకేస్తాయి. నిర్మల్ దగ్గర 2020లో కోతుల పునరావాస కేంద్రం తెరిచారు గానీ, మా వీధిలోకి వచ్చే మంద తగ్గలేదు. గ్రిల్లూ దోమజాలీ ఉన్న కిటికీ లోపల పొట్టి టమాటలు పెంచడం నేను మొదలుపెట్టింది అందుకే. ఇప్పుడు కోతులు లేకపోయినా మానను.

పొట్టి రకాలంటే కొమ్మలు కత్తిరించి కురచ చేసినవి కావు, పుట్టుకతోనే అంతే. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం 1989లో విడుదల చేసిన మైక్రో టామ్ జానెడు ఎత్తుకే పూతకొస్తుంది. మొక్కను సాగనిచ్చే బ్రాసినోస్టెరాయిడ్ హార్మోను దానిలో సరిగా తయారుకాదు. అందుకే కణుపులు దగ్గర దగ్గరగా, ఆకులు ముదురాకుపచ్చగా, ముడతలుగా ఉంటాయి. ఆ ముడతను చూసి తెగులనుకుని మందు కొట్టేవాళ్లున్నారు, దయచేసి కొట్టకండి. రెడ్ రాబిన్ ఇంకాస్త ఎత్తు పెరుగుతుంది. 2022-23లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు పెంచింది ఈ రకాన్నే.

మొక్క చిన్నది, కొంచెం వెలుతురుతో సరిపెట్టుకుంటుందిలే అనుకుని టీవీ పక్కన పెడతారు. చాలా కుండీలు అక్కడే పాడవుతాయి. మిట్టమధ్యాహ్నం బయట లక్ష లక్సుల దాకా వెలుతురుంటే, ట్యూబ్‌లైట్ వేసిన గదిలో ఉండేది కొన్ని వందలే. మన కన్ను సర్దుకుంటుంది కాబట్టి ఆ తేడా మనకు తెలియదు. మొక్కకు తెలుస్తుంది, మెడ సాచి వాలిపోతుంది. ఇంట్లో అన్నిటికన్నా మంచి కిటికీ దానికివ్వగలిగితేనే పెంచాలి.

చలిదేశాల వాళ్లు బయట మంచు కురుస్తుంటే దీపాలు పెట్టి లోపల పెంచుతారు. మనకు అడ్డొచ్చేది వేడి. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి 24 కన్నా దిగకపోయినా పూత నిలవదు. మా వైపు మార్చి నెలాఖరు నుంచే ఆ ఇబ్బంది మొదలవుతుంది. బతుకమ్మ పేర్చే రోజుల్లో విత్తితే సంక్రాంతి నాటికి కాయ రంగు తిరుగుతుంది. ఆ నెలల్లో సూర్యుడూ మనవైపే ఉంటాడు. డిసెంబరులో మా ఊళ్లో మధ్యాహ్నం ఆయన 48 డిగ్రీల ఎత్తుకే వస్తాడు కాబట్టి దక్షిణపు కిటికీలోంచి ఎండ గదిలోకి వాలుగా దిగుతుంది. మే రెండో వారానికల్లా నడినెత్తికి చేరతాడు, ఇక ఆ కిటికీకి ఎండే ఉండదు. అయితే వాస్తు పేరుతో దక్షిణపు గోడను మూసేసిన ఇళ్లు మన దగ్గర చాలా. వాళ్లు తూర్పు కిటికీ చూసుకుని, పొద్దుటి ఎండ పోయాక ఎల్‌ఈడీ బల్బును మొక్కకు జానెడు పైన వేలాడదీయాలి.

కుండీ ఐదు లీటర్లది చాలు. ఉత్త చెల్క మట్టి నింపితే గట్టిపడి వేరును పట్టేస్తుంది. వర్మీ కంపోస్టు, కోకోపీట్, రైస్‌మిల్లు దగ్గర దొరికే నల్ల ఊక కలపాలి. పత్తి మీద బతికే తెల్లదోమకు టమాట కూడా ఇష్టమే, అదే ఆకుముడత వైరస్‌ను మోసుకొస్తుంది. పత్తి చేలు దగ్గరున్న ఇళ్లలో కుండీ పక్కన పసుపు జిగురు అట్ట ఉండాల్సిందే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని పూత నాటిది. టమాట పువ్వులో ఆడ, మగ రెండూ ఉంటాయి. పుప్పొడి మాత్రం కేసరాల లోపల దాగి ఉంటుంది, రాలాలంటే పువ్వు అదరాలి. చేనులో గాలి అదిరిస్తుంది, తుమ్మెద పువ్వును పట్టుకుని ఝుమ్మని అదిరిస్తుంది. గదిలో మన వేలే. పూల కాడను రోజూ నాలుగుసార్లు మెల్లగా తట్టాలి.

మా చుట్టుపక్కల ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. యాసంగిలో ఇక్కడ ఎన్నో ఎకరాల్లో ఆడ-మగ వరి వేసి హైబ్రిడ్ విత్తనం తీస్తారు. ఈనిన మడిలో ఇటొకరు, అటొకరు తాడు పట్టుకుని మగ వరుసల మీదుగా లాగుతూ పోతే, పుప్పొడి పొగలా లేచి ఆడ వరుసల మీద పడుతుంది. మా పక్కింటి పెద్దమ్మ ఏళ్ల తరబడి ఆ తాడు లాగిన మనిషి. నా కుండీల దగ్గర కూర్చుని, "పొద్దెక్కినంకనే తట్టు బిడ్డా, అప్పుడే పొడి మంచిగ రాల్తది" అన్నది. శాస్త్రం చెప్పేదీ అదే. గాలిలో చెమ్మ తగ్గి పుప్పొడి పొడిగా ఉండేది పదీ పన్నెండు గంటల మధ్య.

ఖర్చు లెక్కన చూస్తే ఇది గిట్టదు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో 200 రూపాయల దరిదాపులకు పోయినప్పుడు చాలామందికి కుండీలు గుర్తొచ్చాయి. కానీ ధర మండే ఆ నెలల్లో మన కిటికీలో కాయ ఉండదు. శీతాకాలంలో చారులోకి నాలుగు కాయలు, పిల్లలు తెంపుకుని నోట్లో వేసుకోవడానికి పది కాయలు, నాకు అది చాలు.

మైక్రో టామ్ హైబ్రిడ్ కాదు, కాబట్టి విత్తనం దాచుకోవచ్చు. బాగా మాగిన కాయ గుజ్జును గ్లాసులో రెండు మూడు రోజులు పులియనిస్తే గింజల మీది జిగురు వదులుతుంది. కడిగి నీడన ఆరబెట్టి, పొట్లం మీద రకం పేరు, నెల రాసి చల్లటిచోట పెడితే నాలుగేళ్ల దాకా మొలుస్తాయి.