గాలికి బొమ్మ గీయాలంటే

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత పేపర్లలో, టీవీల్లో మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం అంటే కూలిన కొబ్బరిచెట్లు, వేళ్లతో సహా లేచిపోయిన జీడితోటలు, ఒరిగిపోయిన కరెంటు స్తంభాలు. ఆ ఫొటోల్లో అబద్ధం లేదు. కానీ వాటిలో ఉన్నదల్లా గాలి వెళ్లిపోయాక మిగిలింది. ఆ రాత్రి వజ్రపుకొత్తూరు నుంచి టెక్కలి దాకా జనం భరించిన గాలి మాత్రం ఏ ఫొటోలోనూ లేదు, ఉండదు కూడా. దానికి ముఖం లేదు, అంచు లేదు, రంగు లేదు. వంగిన చెట్టును గీస్తే అది చెట్టు బొమ్మే అవుతుంది. మరి గాలినే గీయాలనుకున్నవాడు ఏం చేయాలి? నైరూప్య చిత్రకళకు విలువ ఎక్కడుందని ఎవరైనా అడిగితే నా జవాబు ఈ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. మనల్ని నడిపించేవాటిలో, కుదిపేసేవాటిలో చాలావాటికి రూపం లేదు. వాటిని కంటికి అందేలా చేయాలంటే పోలికను వదులుకోక తప్పదు.

దీనికి మన తెలుగువాడి పనిలోనే గట్టి సాక్ష్యం ఉంది. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నారు. లండన్ మీదుగా పారిస్ చేరి, స్టాన్లీ హేటర్ నడిపే అచ్చుచిత్రాల స్టూడియో ‘అటెలియే 17’లో పనిచేశారు. శిల్పిగా కూడా తర్ఫీదు పొందారు కాబట్టి, లోహపు రేకును కాగితంలా కాక రాయిలా చూశారు. రేకు మీద రకరకాల లోతులు చెక్కేవారు. గట్టి రోలర్ పైపైన మిట్టలకే రంగు అంటిస్తుంది, మెత్తని రోలర్ పల్లాల్లోకి దిగుతుంది. అవిసె నూనె ఎక్కువ కలిపిన పల్చటి రంగు ఉన్నచోట చిక్కటి రంగు పట్టదు. తోటి కళాకారుడు కైకో మోతీతో కలిసి 1950లలో ఆయన ఈ స్వభావాన్ని ఒక పద్ధతిగా మలిచారు. అప్పటి నుంచి రంగుకో రేకు అవసరం లేకపోయింది. ఒకే రేకు మీద రంగులన్నీ ఎక్కించి ప్రెస్సులో ఒక్కసారి తిప్పితే చాలు. 1963లో ఆయన చేసిన ‘సుడిగుండం’ అలా వచ్చిందే. అందులో పడవ లేదు, ఒడ్డు లేదు, మునిగిపోతున్న మనిషి లేడు. ద్రవాలు ఒకదాన్నొకటి తోసుకోవడం, ఒకచోట ఆగి మరోచోట జారడం ఆ చిత్రం తయారీలోనే ఉంది. సుడిని చూసి వేసిన బొమ్మ కన్నా సుడి తిరిగే తీరుకు అది దగ్గరగా వెళ్లింది. ‘ఇది చిన్నపిల్లలు కూడా గీస్తారు’ అనేవారు ఆ రేకు మీద ఎంత ఆలోచన, ఎంత చేతిపని పట్టిందో ఒక్కసారి లెక్కవేసుకోవాలి.

ఇదంతా పారిస్ మోజు, మన నేలకు పట్టదు అన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. అలా అనేవారు మందస, మెళియాపుట్టి, సీతంపేట కొండల వైపు చూడాలి. అక్కడి గిరిజనులైన సవరల గోడచిత్రాల్లో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో గీసిన మనుషులకు కళ్లూ ముక్కూ ఉండవు. రెండు త్రికోణాలు, నాలుగు గీతలు కలిస్తే మనిషి. కొండలకు అవతల గంజాం, కొరాపుట్ వైపు సవరల మధ్య తిరిగిన మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955లో అచ్చయిన తన పుస్తకంలో ఈ చిత్రాల గురించి వివరంగా రాశారు. పోయినవాళ్ల కోసం, జబ్బు తగ్గడం కోసం, పంట కోసం వాటిని వేస్తారు. గోడ మీది చతురస్రం ఆత్మకు ఇల్లు. బొమ్మ పూర్తయ్యాక వచ్చి చూసుకోమని ఆత్మను పిలుస్తారు. ఏదైనా లోటుందని తేలితే మళ్లీ గీత కలుపుతారు. రైళ్లు, విమానాలు కూడా ఆ గోడలకెక్కాయి. ఆ బొమ్మను ఎవరూ ‘అచ్చం వాడిలాగే ఉందా’ అని పరీక్షించరు. ఆత్మ వచ్చి ఉండగలిగేలా ఉందా లేదా అన్నదే అక్కడ కొలత. బొమ్మ దేన్ని పోలి ఉందని కాక ఏం చేస్తోందని అడగడం ఈ కొండలకు పారిస్ నేర్పిన విద్య కాదు.

ఇక్కడ బలమైన ఎదురుప్రశ్న ఒకటి ఉంది. సవర గోడ ముందు నిలబడ్డవాళ్లందరికీ ఒకే నమ్మకం ఉంది, పూజారి ఉన్నాడు, కథ తెలుసు. గ్యాలరీ గోడ ముందు నిలబడ్డవాడికి ఏముంది? ‘సుడిగుండం’ అని పేరు రాయకపోతే అది సుడి అని ఎవరికి తెలుస్తుంది? ఈ ప్రశ్నను నేను తోసిపుచ్చలేను. ఆధునిక కళాకారుడు ఆ ఉమ్మడి నమ్మకాన్ని నిజంగానే పోగొట్టుకున్నాడు, అది చిన్న నష్టం కాదు. అయితే ఆ నష్టం తర్వాత కూడా అతని చేతిలో ఒకటి మిగిలింది. బరువు, వేగం, ఒత్తిడి, చల్లదనం మన ఒంటికి తెలుసు. వాటికి కులం, భాష, పురాణం అక్కర్లేదు. పేరు మనల్ని గుమ్మం దాకా తెస్తుంది, లోపలికి వెళ్లాల్సింది మన ఒళ్లే. దానికి కాస్త సమయం పడుతుంది. ఒక్క చూపులో అందలేదు కాబట్టి లోపల ఏమీ లేదనడం తొందరపాటు.

మన జిల్లాలో ఇంకో అభ్యంతరం ఉంది, దీన్ని నేను ఎక్కువ గౌరవిస్తాను. 1940లో మందస రైతుల కోసం గున్నమ్మ ప్రాణమిచ్చిన చోట, గిరిజనుల పోరాటం నడిచిన చోట, కళ జనానికి అర్థమై తీరాలంటారు. కష్టంలో ఉన్న మనిషికి ఈ రంగుల మడతలు ఎందుకంటారు. కానీ 1937లో గెర్నికా ఊరి మీద బాంబులు పడినప్పుడు పికాసో కూలిన ఇళ్లను ఉన్నదున్నట్టు గీయలేదు. విరిగిన ఆకారాలను తెలుపు, నలుపు, బూడిద రంగుల్లో పరిచారు. యుద్ధాన్ని ఎదిరించేవాళ్లు ప్రపంచమంతటా దాన్ని తమ బొమ్మగా చేసుకున్నారు. 1968 పారిస్ విద్యార్థుల తిరుగుబాటు నుంచే కృష్ణారెడ్డి ‘డెమాన్‌స్ట్రేటర్స్’ పుట్టింది. అందులో ఒక్కో మనిషి ముఖం కన్నా గుంపుగా కదిలే బలం ముందు కనిపిస్తుంది. ఊరేగింపులో నడిచినవాళ్లకు ఆ బలం ఏమిటో తెలుసు. పోలిక తగ్గినంత మాత్రాన పక్షం మారిపోదు.

నైరూప్యం పేరుతో వట్టి డొల్ల పటాలు చాలా వస్తున్న మాట నిజం. వాటికి పలికే ధరలు చూసి జనం చిరాకుపడటంలో తప్పు లేదు. అయితే ధర పనితనానికి కొలత కాదు, ఎక్కువైనా తక్కువైనా. మంచిదేదో చెడ్డదేదో తేల్చడానికి నేను నమ్మే పద్ధతి ఒకటుంది. పటంలో ఒక మూలను అరచేత్తో కప్పి మిగతాది చూడండి. మంచి పటమైతే మిగిలిన భాగం బరువు తప్పుతుంది, పరుగు తెగుతుంది, కప్పిన ముక్క కోసం కన్ను వెతుకుతుంది. డొల్ల పటంలో ఏ మూల కప్పినా ఏమీ మారదు. ఈ పరీక్షను ఇళ్లలో వేలాడే దేవుడి పటాల మీదా, నాయకుల చిత్రపటాల మీదా కూడా చేయవచ్చు. అక్కడ ముఖం కుదిరితే చాలు, మిగతా పటమంతా ఖాళీగా ఉన్నా మనం పట్టించుకోం. నైరూప్య చిత్రకారుడికి ఆ వెసులుబాటు లేదు.