రథవీధి వాద్యము, ఇంటి శ్రవణము

చీరాలనుండి ఒంగోలు పోవు రైలుమార్గమున వేటపాలెము, చినగంజాము, అమ్మనబ్రోలు దాటిన పిదప కరవది యను చిన్న స్టేషను కలదు. నాదస్వర విద్వాంసులు షేక్ చిన మౌలానా సాహెబు 1924లో జన్మించిన గ్రామమదియే. చిలకలూరిపేట ఆదం సాహెబు వద్ద అభ్యసించి, పిదప తమిళదేశమునకేగి నాచ్చియార్‌కోవిల్ రాజం, దురైకణ్ణు సోదరుల శుశ్రూష చేసి, నాదస్వర విద్వాంసులగు రాజరత్నం పిళ్లెను మానసిక గురువుగా నెంచుకొని, శ్రీరంగమున స్థిరపడి, 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదము నందుకొన్న యా మహనీయులు మరుసటి సంవత్సరమే కీర్తిశేషులైరి. ఇక వారి వాదనము మనకు రికార్డులయందే లభ్యము. ఆ రికార్డులను వినుటకును ఒక సాధన కావలెననియు, అది లేక పెట్టెనిండ సంగీతమున్నను చెవికి దక్కునది స్వల్పమేయనియు నా విశ్వాసము.

గుంటూరు, ప్రకాశము జిల్లాలలో దేవాలయోత్సవములకు తరతరములుగా మేళము నడపినవారిలో ముస్లిము కుటుంబములు పెక్కు గలవు. రాముని కల్యాణమునకు త్యాగరాజ కీర్తన పలికినది వారి సన్నాయియే. ఇది మన సీమకు గొప్ప యలంకారము.

నాదస్వరము మొదలే ఆరుబయటి వాద్యము. రథవీధి యీ చివర వాయించినది ఆ చివర వినబడవలెనని నిర్మింపబడినది. ముందువైపు 7 స్వరరంధ్రములు, వానికి దిగువ శ్రుతికై మైనముతో సరిచేయు చిన్న రంధ్రములు, కొనయందు సీవాళి యను గడ్డిపీక, ఇంతే పరికరము. వీణయందు తంత్రిని లాగి, ఫిడేలుపై వ్రేలిని జార్చి పలికించు గమకమును ఇచట రంధ్రమును సగము మూసి, పీకపై పెదవుల నొక్కును సడలించి బిగించి, ఊపిరి బలమును హెచ్చించి తగ్గించి సాధింపవలెను. బలము రవ్వంత తప్పెనా, స్వరస్థానమే చెదరిపోవును. ఇంతటి ఘోషగల వాద్యమున నింత సౌకుమార్యమును నిలుపుటయే విద్వత్తు. చిన మౌలానాగారి ప్రతిభ యందుననే యున్నది.

రాత్రివేళ ఊరేగింపులో గంటలకొలది సాగు రాగాలాపనమునకును, నిమిషమునకు 78 చుట్లు తిరుగు లక్క రికార్డునకును పొత్తు కుదురుట యొక విచిత్రము. ఆ పళ్లెమున నొక ముఖమునకు సుమారు మూడున్నర నిమిషములకు మించి పట్టదు. అయినను రాజరత్నం పిళ్లె తోడిరాగపు రికార్డు దక్షిణదేశమంతట మారుమ్రోగినది. రాగమునకు ప్రాణమైన సంచారములను మాత్రమే యేర్చి, ఆ కొద్దివ్యవధిలో స్వరూపమును నిలిపిన ప్రజ్ఞ సామాన్యమైనది కాదు. కాని విద్వాంసుడు నిలిచిన స్వరముననే నిలిచి, మరల వెనుకకు మరలి, డోలు రెండు దెబ్బలతో ఔననునంతవరకు వేచియుండు తీరుబడి యందు లోపించినది. అది తరువాతివైన దీర్ఘవాదన రికార్డులలోను, టేపులలోను గాని తిరిగి రాలేదు. కావున నా మాట యేమనగా, దీర్ఘమైన రికార్డు దొరికినచోట దానినే వినవలెను.

సాయంకాలము సముద్రపుటొడ్డున వాడరేవు వైపునుండి గాలి తిరిగి, వీధిలో మగ్గముల చప్పుడు సద్దుమణగిన వేళ నేను చిన మౌలానాగారి తోడి రికార్డును పెట్టుకొందును. యంత్రమును ప్రక్క గదిలో నుంచి, నడుమ తలుపు తీసియుంచుట నా యలవాటు. ఈ వాద్యమునకు దూరమే న్యాయము, చెవిలో దూర్చుకొను గొట్టములు దీనికి పనికిరావు. ఒక్క గాంధారమునే గమనింపుడు. అది తిన్నగా నిలువదు. క్రింది రిషభమును స్పృశించి, పైకి కదలి, మరల జారి, ఆ యూగులాటయే తానై యుండును. వాదకుడు ఊపిరి తీసుకొను చోటును కనిపెట్టుడు. పలుకు తెగినను నాదము తెగదు, ఏలయన వెనుక శ్రుతి యవిచ్ఛిన్నముగా సాగుచునే యుండును. ఆ విరామమున డోలు ప్రవేశించి, తాళబంధము లేకయే నాలుగు జతులు పలికి తప్పుకొనును. ఈ అర నిమిషమును పదేపదే వినవచ్చుటయే రికార్డు మనకు చేసిన మహోపకారము. కచేరిలో నెంత రసజ్ఞునికైనను ఆ భాగ్యము లేదు.

అయితే నేడు పెండ్లిపందిళ్లలో మేళగాండ్రకు మారుగా యంత్రమునే నియమించుట చూచుచున్నాను. ఇది నాకు మిక్కిలి బాధాకరము. మంగళసూత్రధారణ వేళను కనిపెట్టి గట్టిమేళ మందుకొనుటకు పురోహితుని చేతివైపు చూచు మనిషి కావలెను గదా! పిలుచువారు లేక కుమారులకు పీక నందింపని యిండ్లు పెరిగినచో, రేపు రికార్డు చేయుటకైనను ఎవరుందురు? చిన మౌలానాగారి మనుమలు కాశిం, బాబు సోదరులు తాతగారి వద్దనే శిష్యరికము చేసి ఆ బాణీని కచేరీలలో నిలుపుచున్నారు. తాతగారి తోడిని చెవికి పట్టుబడునట్లు విని, పిమ్మట వీరి కచేరికి పోయి ముందువరుస విడిచి వెనుకగా కూర్చుండుడు. గాంధారము ఎచట ఊగినదో, ఊపిరి ఎచట తెగినదో మీకే తెలియును.