వెలుగు పడితేనే బొమ్మ

తోలుబొమ్మలాట పోయింది, మిగిలింది తోలు ల్యాంప్‌షేడ్ల వ్యాపారమే అన్న మాట నిమ్మలకుంట గురించి తరచు వినిపిస్తుంది. ధర్మవరానికి దగ్గర్లో ఉన్న ఆ ఊరి కళాకారుల పనిని ఇంత తేలిగ్గా తీసిపారేయడం అన్యాయం. ఆట తగ్గిన మాట నిజమే. తెల్లవార్లూ సాగే రామాయణం కోసం ఊళ్లు ఇదివరకులా పిలవడం లేదు. అయితే ఆ ఆటను శతాబ్దాల పాటు నిలబెట్టిన విద్యల్లో బహుశా అన్నిటికంటే కష్టమైనది తోలు గుండా వెలుతురును కావలసిన చోట, కావలసినంత మేరకు పంపగలగడం. ఆ విద్య ఇంకా ఆ చేతుల్లోనే ఉంది. తెర మీద ఆడినా, గదిలో వేలాడినా, వెనక దీపం వెలిగినంతకాలం అది బతికే ఉంటుంది. తోలుబొమ్మను రంగస్థల సామగ్రిగా మాత్రమే చూడటం వల్ల అందులోని చిత్రకళను మనం ఎప్పుడూ సరిగ్గా లెక్కలోకి తీసుకోలేదు.

ఆ చిత్రకళ తోలు దగ్గరే మొదలవుతుంది. బొమ్మకు పనికొచ్చేది చెప్పులు కుట్టే పదును చేసిన తోలు కాదు, పచ్చితోలు. ఇప్పుడు ఎక్కువగా మేకతోలే వాడుతున్నారు. దాన్ని నానబెట్టి, వెంట్రుకలూ లోపలి కొవ్వూ గీకి, బిగలాగి ఎండబెడతారు. గీకడం తక్కువైతే తోలు మందంగా మిగిలి వెలుగును మింగేస్తుంది. ఎక్కువైతే ఉలి దెబ్బకు చిరుగుతుంది. సరిగ్గా కుదిరిన తోలు లేత పసుపు ఛాయలో అద్దకానికి సిద్ధంగా ఉంటుంది. దాని మీద రేఖ గీసి, చెక్కదిమ్మపై పెట్టి, రకరకాల మొనలున్న ఉలులతో బెజ్జాలు కొడతారు. చుక్క, అర్ధచంద్రం, గింజ ఆకారం, ఇలా ఒక్కో బెజ్జానికి ఒక్కో పని ఉంది. హారంలో ముత్యాలు, వడ్డాణంలో రాళ్లు, కిరీటంలో మెరుపులు, చీర అంచులో పువ్వులు రంగుతో వేసినవి కావు, తోలును తొలగించి తెచ్చినవి. రంగు వడపోసిన వెలుగునిస్తే, బెజ్జం నేరుగా వెలుగునే ఇస్తుంది. కాబట్టి నగ ఎప్పుడూ దుస్తుల కంటే మెరుస్తుంది. చిత్రకారుడు తెల్లరంగు పూసి సాధించేదాన్ని ఇక్కడ ఉలి సాధిస్తుంది. ఒకసారి కొట్టిన బెజ్జాన్ని పూడ్చలేరు, కాగితం మీద గీతలా చెరపలేరు. రంగును రెండు వైపులా వేస్తారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం తోలులోకి ఇంకి గాజులా మెరవాలి. నలుపు మాత్రం వెలుగును అడ్డుకుని గీతను నిలబెట్టాలి. చివరగా భుజం, మోచేయి, మోకాలు వేరుచేసి దారంతో ముడివేస్తారు, నడిమికి కట్టె కడతారు. నర్తకి బొమ్మకు మెడ, నడుము దగ్గర కూడా కదలిక ఉంటుంది.

ఈ పద్ధతి విశిష్టత మిగతా చోట్ల బొమ్మలతో పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. కేరళ తోల్పావకూత్తులో బొమ్మ వెలుగుకు అడ్డం నిలిచి నల్లని నీడనిస్తుంది. ఒడిశా రావణఛాయ బొమ్మలకు రంగూ లేదు, కీళ్లూ లేవు. యునెస్కో గుర్తింపు పొందిన జావా వాయాంగ్ కులిట్‌లో గేదె తోలుకు ఎంత రంగు వేసినా తెర మీద కనిపించేది ప్రధానంగా నీడే. తెలుగు తోలుబొమ్మ వేసేది రంగుల వెలుగు. మనిషి అంత ఎత్తు బొమ్మలో ఆ వెలుగును చెదరకుండా నిలపడం సామాన్యమైన నైపుణ్యం కాదు. 13వ శతాబ్దానికే పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలో ప్రస్తావనకెక్కిన కళ ఇది. దానిపై పట్టు సాధించిన నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చిందంటే, అది ఒక్క వ్యక్తికి కాక ఇంటిల్లిపాదీ కలిసి చేసే ఒక పనికి దక్కిన గౌరవమని అనుకోవాలి. ఇళ్లలో మరాఠీ యాస కలిసిన మాట మాట్లాడుతూ, తెర వెనక తెలుగు రామాయణం పాడే కుటుంబాలవి. ఆటలోనూ, బొమ్మల పనిలోనూ ఆడవాళ్ల చేయి సగం.

ఈ బొమ్మల పక్కన చూడవలసిన బొమ్మలు హిందూపురం దగ్గర లేపాక్షిలో ఉన్నాయి. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం పైకప్పు మీద పక్కకు తిరిగిన ముఖాలు, పెద్ద కన్నులు, నల్లని అంచుగీత, కొద్దిపాటి రంగులు, కుచ్చెళ్లలో కిక్కిరిసిన నమూనాలు కనిపిస్తాయి. తోలుబొమ్మలోనూ ఇదే రేఖ. ఎవరిని చూసి ఎవరు నేర్చుకున్నారో తేల్చడం కంటే, ఒకే ప్రాంతం ఒకే చూపుతో గోడనూ తోలునూ నింపిందని గమనించడం మేలు. ధర్మవరం నేతగాళ్లు పట్టుచీరల అంచులకు లేపాక్షి స్తంభాల, పైకప్పుల నమూనాలను తీసుకున్నది కూడా ఆ చూపులో భాగమే. పోషకులు మారడం ఈ నేలకు కొత్త కాదు. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు వచ్చింది, అక్కడినుంచీ తరలిపోయింది. కోటలు ఖాళీ అయ్యాయి కానీ రేఖ ఆగలేదు. వానల కోసం విరాటపర్వం చెప్పించుకునే పల్లెలు పోషకులయ్యాయి. ఇప్పుడు పట్టణాల్లోని ఇళ్లు, హస్తకళల అంగళ్లు ఆ చోటికి వచ్చాయి.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. బొమ్మ కదలాలి, మాట్లాడాలి, హాస్యపాత్రలు కేతిగాడూ బంగారక్కా కలిసి నవ్వించాలి. గదిలో కదలక వేలాడే దీపంలో ఆ నాటకం ఎక్కడుంది? నిజమే, లేదు. పాట, హార్మోనియం, కాలికింద చెక్కల చప్పుడు, అప్పటికప్పుడు పుట్టే మాట ఇవేవీ ల్యాంప్‌షేడ్‌లోకి రావు. వీటికి వేరే పోషణ కావాలి, అందులో రాజీ లేదు. కానీ ఈ లోటుకు ల్యాంప్‌షేడ్‌ను దోషిని చేయడం సబబు కాదు. ఆటకు పిలుపులు తగ్గిపోయింది సినిమా, టీవీ వచ్చాక. ఆ తర్వాత ఇంటిని పోషించింది ఈ పనే. పిల్లలు ఉలి పట్టడం మానకుండా ఉండటానికి అదే కారణం. చేతినేర్పు ఒక తరం పాటు తెగితే ఏ అకాడమీ తిరిగి అతికించలేదు.

ఒకే నెమలి, ఒకే వృక్షం, ఒకే గణపతి మళ్లీ మళ్లీ చేస్తుంటే అది కళేనా అని మరో మాట. పాత బొమ్మలు కూడా మూసలోనివే. రాముడి ముఖం ఎవరు చేసినా రాముడిలాగే ఉండాలి. ఆ మూసలో చేతిని గుర్తుపట్టే చోటు బెజ్జాల అమరికలో ఉంటుంది. మంచి పనిలో బెజ్జాలు శరీరపు వంపును అనుసరిస్తాయి, అంచుకు చేరేసరికి చిక్కబడతాయి. చవక పనిలో ఖాళీని నింపడానికి చల్లినట్టుంటాయి. నకిలీ కూడా ఈ చోటే బయటపడుతుంది, తోలులాంటి ప్లాస్టిక్ మీద అచ్చువేసిన బొమ్మకు ఈ వెలుగు రాదు. రసాయనపు రంగుల మీద ఫిర్యాదు కొంతవరకే న్యాయం. ఆముదం దీపం పసుపు వెలుగుకు కుదిరిన రంగులు తెల్లని ఎల్‌ఈడీ ముందు గట్టిగా అరుస్తాయి. కాబట్టి తప్పు రంగుదొక్కటే కాదు, బల్బుది కూడా.

ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. అది కాగితం మీద ఉండిపోకూడదంటే కొనేవాళ్ల కన్ను మారాలి. అంగడిలో ల్యాంప్‌షేడ్‌ను వెలిగించకుండా ఎంచుకోవద్దు. వెనక పసుపు బల్బు పెట్టించి చూడండి. నగల చోట బెజ్జం ఉందా, రంగు చుక్క ఉందా గమనించండి. చేసినవారి పేరు అడగండి, పెట్టె మీద రాయమనండి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరాల్లో పెళ్లిళ్లు, తిరునాళ్లు, కళాశాల వార్షికోత్సవాలు జరిపించేవాళ్లు ఆ కార్యక్రమాల్లో ఒక రాత్రి ఆటకు కేటాయించండి. ల్యాంప్‌షేడ్ కొన్న ఇల్లే ఆటను పిలిచే ఇల్లు కూడా కావాలి.