రక్తం కారితేనే తాళమా?

డేమియన్ షజెల్ 2014లో తీసిన 'విప్లాష్' మాటొస్తే చాలామంది ముందు తలుచుకునేది ఐస్ నీళ్ల సీన్. డ్రమ్మర్ ఆండ్రూ వేళ్లు చిట్లి రక్తం కారుతుంటే చేతిని ఐస్ నీళ్ల జగ్గులో ముంచుతాడు. నీళ్లు ఎర్రబడతాయి. మళ్లీ కర్రలు అందుకుంటాడు. సాధన అంటే అదీ, అంటారు. నాకు మాత్రం సినిమా మీద అనుమానం అక్కడే మొదలవుతుంది.

కర్రని బిగించి పట్టుకునే కొద్దీ బొబ్బలు ఎక్కువవుతాయి. బాగా వాయించేవాళ్లు పట్టుకోవడంతో పాటు వదలడమూ నేర్చుకుంటారు. దెబ్బ పడ్డాక డ్రమ్మే కర్రని వెనక్కి ఎగరేస్తుంది. దాన్ని అడ్డుకోకుండా పోనిస్తే రెండో దెబ్బకి సగం శ్రమ తగ్గినట్టే. కొత్తవాళ్ల ముంజేతిలో మణికట్టుని కిందికి వంచే కండరాలు, పైకి లేపే కండరాలు ఒకేసారి బిగుసుకుంటాయి. ఒకదాన్నొకటి లాక్కుంటూ అలిసిపోతాయి. జపాన్ పరిశోధకులు కొందరు డ్రమ్మర్ల మణికట్టు కండరాల విద్యుత్ సంకేతాలని కొలిచి 2009లో ఫలితాలు ప్రచురించారు. అందులో, వేగం పోటీలో గెలిచిన డ్రమ్మర్ ఒంటిచేత్తో సెకనుకి 10 దెబ్బలు కొట్టాడు. అతని చేతిలో ఈ పెనుగులాట చాలా తక్కువ. ఒక కండరం పనిచేస్తుంటే రెండోది ఊరుకుంటుంది.

మృదంగంలో ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. 'నం' పలకాలంటే కుడిచేతి ఉంగరంవేలు కరణి అంచున ఆని ఉండాలి, చూపుడువేలు అంచు మీద పడాలి. ఉంగరంవేలు గట్టిగా నొక్కితే నాదం చచ్చిపోతుంది. ఎత్తేస్తే అది 'నం' కాదు. ఒకే చేతిలో ఒక వేలు కొట్టాలి, ఇంకో వేలు ఊరికే ఆని ఉండాలి. 'త ది తొం నం' అనే మొదటి పాఠాన్ని ముందు నెమ్మదిగా, తర్వాత రెండో కాలంలో, మూడో కాలంలో అన్నిసార్లు వాయించగా వాయించగా వేళ్లకి అబ్బేది ఈ ఊరుకోవడమే.

మరి ఫ్లెచర్ మాస్టారు చేసేదేమిటి? లయ పరుగెడుతోందా, వెనకబడుతోందా అని అడుగుతూ ఆండ్రూని చెంపలు వాయిస్తాడు. భయపడ్డ మనిషికి ముందు భుజాలు బిగుసుకుంటాయి, తర్వాత చేతులు. అంటే ఏ చేతి నుంచి లయ రాబట్టాలనుకుంటున్నాడో ఆ చేతినే పాడుచేస్తున్నాడన్నమాట. పైగా ఆయన సమర్థింపుగా చెప్పే కథలో జో జోన్స్ విసిరిన సింబల్ చార్లీ పార్కర్ తల తెగ్గొట్టినంత పని చేస్తుంది. 1936 నాటి ఆ కాన్సస్ సిటీ సంఘటన గురించి సంగీతచరిత్రలో చెప్పుకునేది వేరు: సింబల్ పార్కర్ కాళ్ల దగ్గర నేలమీద పడింది.

ఈ తేడా చిన్నది కాదు. దెబ్బలు తింటేనే విద్య వస్తుందని నమ్మే మన గురువులకి, తల్లిదండ్రులకి ఈ సినిమా మంచి సాక్ష్యంగా పనికొస్తోంది.

షజెల్‌కి ఇది బొత్తిగా తెలియదని అనను. ఫ్లెచర్ పాత శిష్యుడి ఆత్మహత్యని ఆయన దాచలేదు. చివరి 'కారవాన్' సోలోలో ఆండ్రూ వేగాన్ని తగ్గిస్తూ తగ్గిస్తూ ఒక్కో దెబ్బ విడిగా వినిపించేదాకా దిగి, అక్కడి నుంచి మెల్లగా పైకెక్కుతాడు. అంత నెమ్మదిగా, తడబడకుండా వాయించడం ఆ రక్తం సీన్ కన్నా కష్టం. మిత్రులు 'విప్లాష్' చూపిస్తూ సాధన గురించి చెప్పాలనుకుంటే ఆ కాసేపు చూపించండి.