లైసెన్సు చదివాకే లైబ్రరీ

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే మా గురజాల స్టూడియోలవాళ్లకు ఊపిరాడదు. అచ్చు శుభలేఖతో పాటు వాట్సాప్‌లో పంపడానికి వీడియో శుభలేఖ కూడా కావాలంటున్నారు జనం. పేర్లు, ముహూర్తం, ఫొటోలు ఇస్తే ఆ వీడియో దానంతటదే తయారయ్యే సాఫ్ట్‌వేర్ రాసి అమ్మడం నా పని. ఇందులో కోడు రాయడం ఒక ఎత్తు, ఏ లైబ్రరీ మీద రాయాలో తేల్చుకోవడం ఒక ఎత్తు.

పైథాన్‌లో మూవీపై అనే లైబ్రరీ ఉంది. ఎంఐటీ లైసెన్సు కాబట్టి కాపీరైటు నోటీసు ఉంచి దర్జాగా అమ్ముకోవచ్చు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. కానీ ఫ్రేములను వీడియోగా కూర్చేది దాని వెంట దిగే ఎఫ్ఎఫ్ఎంపెగ్. టెర్మినల్‌లో దాని వెర్షన్ అడిగితే ‘కాన్ఫిగరేషన్’ అంటూ చాంతాడంత వరుస వస్తుంది. నా కళ్లు ముందు అక్కడికే పోతాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ మామూలుగా ఎల్‌జీపీఎల్ అనే కాస్త సడలింపున్న లైసెన్సులో ఉంటుంది. ఆ వరుసలో ‘ఎనేబుల్ జీపీఎల్’ ఉంటే మొత్తం అంతకన్నా కఠినమైన జీపీఎల్ అయిపోతుంది. వీడియోను హెచ్.264 పద్ధతిలో కుదించే ఎక్స్264 వాడాలంటే అది ఉండాల్సిందే. ‘ఎనేబుల్ నాన్‌ఫ్రీ’ కనిపిస్తే ఆ బైనరీని ఎవరికీ పంచకూడదు.

నా సర్వర్‌లో వీడియో చేసి ఫైలు మాత్రమే పంపితే జీపీఎల్‌తో పేచీ లేదు. ఆ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను స్టూడియో కంప్యూటర్‌లో పెట్టి ఇచ్చానంటే పంపిణీ చేసినట్టే, ఆ బైనరీ సోర్స్ కోడు అందుబాటులో ఉంచాలి. దాన్ని నా ప్రోగ్రాములోనే కలిపేస్తే నా కోడు కూడా జీపీఎల్ కింద ఇవ్వాల్సి వస్తుంది.

పేటెంట్ల లెక్క వేరు. పట్టా పొలమే అయినా నాపరాయి తవ్వి అమ్మితే ప్రభుత్వానికి సీనరేజి కట్టాలని పల్నాడులో ఎవరికి తెలియదు? కోడు ఉచితమైనా హెచ్.264 పేటెంట్లకు రాయల్టీ అలాంటిదే. సిస్కో 2013లో ఓపెన్‌హెచ్264 అనే కోడెక్ ప్రకటించి ఆ రాయల్టీ తానే కడతానంది. అయితే బైనరీ సిస్కో దగ్గర్నుంచే నేరుగా వాడేవాళ్ల కంప్యూటర్‌లోకి దిగాలి. మన ఇన్‌స్టాలర్‌లో కలిపేస్తే ఆ వెసులుబాటు వర్తించదు.

వీడియోలు తయారుచేసే మరో లైబ్రరీ రిమోషన్‌ది ఇంకో తీరు. ముగ్గురు ఉద్యోగుల దాకా ఉన్న కంపెనీకి ఉచితం, నాలుగో మనిషి చేరితే డబ్బు కట్టాలి. నాకిందులో తప్పేమీ కనిపించదు. షరతు ముందే చెప్పారు, ఖర్చులో వేసుకోవచ్చు.

తెలుగు అక్షరాలకు మాత్రం బెంగలేదు. సిలికానాంధ్ర ద్వారా వచ్చిన రామభద్ర, మండలి లాంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్మవచ్చు, విడిగా మాత్రం అమ్మకూడదు.

“అన్నా, మన గురజాలలో ఇవన్నీ ఎవరడుగుతారు?” అన్నాడు మొన్న ఒక స్టూడియో కుర్రాడు. నిజమే, ఇక్కడ ఎవరూ అడగరు. కానీ మన 1957 కాపీరైటు చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల్లోనే లెక్కిస్తుంది, గురజాలకు మినహాయింపేమీ లేదు. పైగా రేపు ఏ హైదరాబాద్ కంపెనీయో ఈ సాఫ్ట్‌వేర్ కొంటానని వస్తే, లోపల ఏ లైబ్రరీలున్నాయి, వాటి లైసెన్సులేమిటని జాబితా అడుగుతుంది. బేరం మధ్యలో ఎక్స్264 పీకేసి మళ్లీ రాసేకన్నా, లైబ్రరీ దించుకున్న రోజే దాని పేరు పక్కన లైసెన్సు పేరు రాసుకోవడం తేలిక.