రసీదు మీది తేది ఏ ఊరిది?
తెల్లాపూరు పరిసరములలో ప్రోగ్రాములు వ్రాయువారికి దేశమంతటా ఒకటే గడియారము. కాకినాడ సమీపముగా పోవు 82½ డిగ్రీల రేఖాంశము దానికి ఆధారము. అమెరికా లారీల ఖర్చులెక్క వ్రాయునప్పుడు ఈ అలవాటే పొరపాటునకు దారితీయును.

డల్లాసులో డ్రైవరు మార్చి 31 రాత్రి 11.40కి డీజిలు పోయించుకొన్నాడనుకొనండి. హైదరాబాదులో అప్పుడు ఏప్రిల్ 1 ఉదయము 10.10. అక్కడ లారీల ఇంధనపు పన్నునకు మూడు నెలల గడువు మార్చి 31తో ముగియును. ఖర్చు తరువాతి గడువులో పడిపోవును.

‘అంతయు ప్రపంచ ప్రమాణ కాలములో భద్రపరచిన చాలు’నను సమాధానము సగమే సరి. అందులోను ఏప్రిల్ 1, తెల్లవారుజాము 4.40! రసీదులో మాత్రము మార్చి 31. డల్లాసునకు వేరుగా పంచాంగము చూచుకొను తెలుగువారికి ఇది తెలియని సంగతి కాదు.

క్షణముతోబాటు ఊరి పేరును గూడ వ్రాయవలెను. గంటల తేడా మాత్రమే వ్రాసిన చాలదు: జనవరిలో అది పదకొండున్నర, మార్చి చివర పదిన్నర.